వలదన్న తలఁపు

రోగి యొకఁడు వైద్యునియొద్దకుఁ బోయెనఁట. వైద్యుఁడు మందు చేతికిచ్చి, "దీనిని పుచ్చుకొనునపుడు కోతిని మాత్రము తలఁపకుము. తలఁచితివా, మందు పనిచేయదు" అని చెప్పి పంపెనఁట. ఆ రోగి యంతకుముందెన్నఁడును కోతినిగూర్చి చింతించినవాఁడు కాఁడు. ఆనాఁటినుండి మందుగిన్నె యెత్తినప్పుడెల్ల కోతియే కన్నులయెదుట గంతులు వేయసాగెను. ఈ కథ నెఱుఁగని తెలుఁగువారు తక్కువ. నేను ముప్పదియైదేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుఁగు పండితుఁడనుగా నుండి, ఏఁటేఁట క్రొత్త తరగతికి దీనిని చెప్పి నవ్వించినవాఁడను.

ఈ కథలో నొక సిద్ధాంతము కలదు. వలదన్న తలఁపే మఱింతగా వచ్చును. కావున మఱచుటకుఁ బ్రయత్నించుట వ్యర్థము అని దాని సారము. లోకమున దీనికి ప్రమాణమునకువలె గౌరవము కలిగినది. ఇఁక ఇంటిలో నెవరికైనఁ గీడు మూడినప్పుడు, ఓదార్పవచ్చిన పెద్దలు మొట్టమొదట పలుకుమాట "మఱచిపొమ్ము" అనియే కదా! ఈ రెండును ఒక్కమాఱే సత్యములు కానేరవు. మఱపు మనచేతిలోనిదైనచో కోతికథ చెప్పునది తప్పు. కానిచో పెద్దల యోదార్పు వట్టిమాట. గడచిన యిరువదియైదేండ్లలో ఈ వివాదమును మెదడునందే వెదకి చూచిన శాస్త్రజ్ఞులు కొందఱు కలరు. వారు కనుగొన్నదానిని, నాకు బోధపడినంతవఱకు, మన మాటలలో శ్రోతలకు విన్నవించెదను.

పడమటి దేశములలో కోతికి బదులు ఎలుగుబంటి కలదు. రష్యా నవలాకారుఁడు డాస్టయెవ్‌స్కీ తన ఐరోపాయాత్రనుగూర్చి 1863లో ప్రకటించిన వ్యాసములలో, తెల్లని యెలుగుబంటిని తలఁపకుండుట యెంత కష్టమో ప్రసంగవశమునఁ బ్రస్తావించెను. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి ట్రినిటీ విశ్వవిద్యాలయమునఁ బనిచేయుచుండిన డేనియల్ వెగ్నర్ అను మనస్తత్త్వవేత్త యా మాటను పట్టుకొని పరీక్షలు జరిపి 1987లో వాని ఫలములను ప్రకటించెను. విద్యార్థిని గదిలో నొంటిగాఁ గూర్చుండఁబెట్టి, ఐదు నిమిషములపాటు మనసునకు వచ్చినదెల్ల పైకి పలుకుమని చెప్పి, తెల్లని యెలుగుబంటిని మాత్రము తలఁపవలదనియు, తలఁపు వచ్చినచో ప్రక్కనున్న గంట మ్రోయింపుమనియు నాజ్ఞాపించెను. గంట మ్రోఁగుచునే యుండెను. అంతటితో ముగియలేదు. తరువాతి యైదు నిమిషములలో "ఇప్పుడు తలఁపుము" అన్నప్పుడు, మొదటినుండియు స్వేచ్ఛగాఁ దలఁచినవారికంటె, ముందు అణఁచుకొన్నవారికే యెలుగుబంటి యెక్కువమార్లు వచ్చెను. మన వైద్యునికథ శాస్త్రసిద్ధమైనట్లే యందఱును భావించిరి. అణఁచిన తలఁపు తప్పక పొంగునను మాట పాఠ్యపుస్తకముల కెక్కెను.

2001వ సంవత్సరమున 'నేచర్' పత్రికలో నొక చిన్న వ్యాసము వెలువడెను. దానిని వ్రాసినవారు అమెరికాలోని ఆరిగన్ విశ్వవిద్యాలయమునకుఁ జెందిన మైకేల్ ఆండర్సన్, కాలిన్ గ్రీన్ అను నిరువురు. వారి పరీక్ష యిట్టిది. ముందుగా నొకదానితో నొకటి సంబంధము లేని మాటల జతలను విద్యార్థులచేత వల్లె వేయించిరి. తెలుఁగున నుదాహరింపవలయునన్న, 'గడప – చిలుక', 'దీపము – బండి' అనునట్టివి. గడప యనఁగానే చిలుక తోఁచునంతగా పాఠము వచ్చిన పిమ్మట, జతలోని మొదటిమాటను మాత్రము తెరమీఁదఁ జూపిరి. కొన్ని మాటలను చూచినపుడు జతమాటను జ్ఞప్తికిఁ దెచ్చుకొని పలుకవలెను. కొన్నింటిని చూచినపుడు, మాటమీఁదినుండి చూపు మరల్పకయే, జతమాటను మనసులోనికి రానీయకుండవలెను. పలుకకుండుట చాలదు, తలఁపే రారాదు. ఇట్లు ఒక్కొక్క మాటను పదునాఱుమార్లవఱకుఁ జూపిరి. మఱికొన్ని జతల నసలే ముట్టక విడిచిరి. తుదకు అన్నిజతలను అడిగి చూచిరి.

కోతికథయే సత్యమైనచో, వలదన్న మాటలు మిక్కిలి గట్టిగా జ్ఞాపకముండవలెను. జరిగినది దానికి విపరీతము. ముట్టక విడిచిన మాటలకంటెను, ఆఁపి యుంచిన మాటలే తక్కువగా జ్ఞప్తికి వచ్చినవి. ఎక్కువమార్లాఁపినకొలఁది మఱపు హెచ్చెను. సరిగాఁ జెప్పినవారికి డబ్బిత్తుమనినను ఫలము మాఱలేదు; అనఁగా విద్యార్థులు తెలిసియే చెప్పకుండిరనుటకు వీలులేదు. ఇంకొక శంక కలదు: గడపకును చిలుకకును నడుమనున్న దారి మాత్రమే చెడినదా, లేక చిలుకయే మఱుఁగుపడినదా యని. దానికై వేఱొక దారిని త్రొక్కిరి. గడప ప్రసక్తి లేకయే, "పక్షి, మొదటి యక్షరము చి" యని యడిగినట్లుగా నడిగి చూచిరి. అప్పుడును ఆఁపిన మాటలు వెనుకఁబడియే యుండెను. దారి తెగుట కాదు. ఆ జ్ఞాపకమే మందగించెనన్నమాట.

తర్కసంగ్రహము చదివినవారికి ఇచ్చట నొక పరిభాష స్ఫురింపకపోదు. ఆ గ్రంథమును రచించిన అన్నంభట్టు మన తెలుఁగువాఁడే. అనుభవమువలన మనసున నొక సంస్కారము పడుననియు, ఆ సంస్కారమాత్రమువలనఁ బుట్టు జ్ఞానమే స్మృతి యనియు నైయాయికుల మతము. సంస్కారము నిద్రించుచుండును. దానిని లేపునది ఉద్బోధకము. ఏనుఁగును చూడఁగా మావటీఁడు తోఁచును. అచ్చట ఏనుఁగు ఉద్బోధకము. ఆరిగన్ పరీక్షలో గడప ఉద్బోధకము, చిలుక స్మృతివిషయము. ఉద్బోధకము కన్నులయెదుటనే యుండఁగా స్మృతి పుట్టకుండఁ జేయవచ్చునా యనునదే వారి ప్రశ్న. ఈ ప్రశ్న మన శాస్త్రకారులకు నచ్చియుండునని నా నమ్మకము.

ఈ పదముతోనే కోతి చిక్కును విప్పవచ్చును. వైద్యుఁడు "కోతిని తలఁపకుము" అనుటలోనే కోతిని మందునకుఁ గట్టిపెట్టినాఁడు. నిషేధమే ఉద్బోధకమైనది. పైగా నిషేధమును పాలించుచున్నామా లేదా యని చూచుకొనుటకై రోగి, "కోతి వచ్చినదా?" యని తన్నుఁ దాను ప్రశ్నించుకొనవలెను, ఆ ప్రశ్నలోనే కోతి కలదు. ఎలుగుబంటి గంటయు నట్టిదే. ఆరిగన్ విద్యార్థి కిట్టి యిబ్బంది లేదు. వానికి గడప కనఁబడినది. చిలుక యను మాటను ఎవరును వానియెదుట పలుకలేదు. బయలుదేఱిన తలఁపును దారిలో నిలుపుటయే వాని పని. జీవితమున మనకుఁ గలుగు బాధయు నీ రెండవ తెఱఁగునదే. ఎవరును వచ్చి "నీ దుఃఖమును తలఁపకుము" అని గంట యిచ్చి కూర్చుండఁబెట్టరు. ఒక వీథి, ఒక పాట, ఒక వాసన యెదురుపడును. దానివెంట జ్ఞాపకము బయలుదేఱును.

ఇప్పుడు మెదడులోనికిఁ బోవుదము. కణఁతలకు లోపలిప్రక్కను, ఇరువైపుల నొక్కొక్కటిగా, వంకరగా నుండు చిన్న భాగములు రెండు కలవు. గుఱ్ఱపు మొగముగల చిన్న కడలిచేఁప యాకారమును పోలియుండుటచేత 16వ శతాబ్దమున ఇటలీ శరీరశాస్త్రజ్ఞుఁ డొకఁడు దానికి 'హిప్పోకాంపస్' అని పేరుపెట్టెను. అది చేయుపని యేమో లోకమునకుఁ దెలిసినది మిక్కిలి విచారకరమైన యొక సంఘటనమువలన. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరమున హెన్రీ మొలాయ్‌సన్ అను యువకునికి మూర్ఛరోగము మాన్పుటకై విలియం స్కోవిల్ అను శస్త్రవైద్యుఁడు రెండువైపుల నీ భాగములో చాలవఱకు తొలఁగించెను. మూర్ఛ తగ్గెను. కాని యాతనికి క్రొత్తజ్ఞాపకము నిలుచుట యాఁగిపోయెను. కొన్ని నిమిషములక్రిందట మాటలాడినవారిని మఱల క్రొత్తవారినిగాఁ జూచెడివాఁడు. 2008లో మరణించువఱకు, ఏఁబదియైదేండ్లు, ఆతఁ డిట్లే జీవించెను. జరిగినదానిని పట్టియుంచుటకును, మఱల నెదుటఁ బెట్టుటకును ఈ కడలిగుఱ్ఱము ముఖ్యాధారమని యప్పుడు తేలెను.

2004లో ఆండర్సన్ తన సహచరులతోఁ గూడి, జతమాటల పరీక్షను అయస్కాంతయంత్రములోఁ బడుకొన్నవారిపై జరిపించి, ఆ సమయమున మెదడులో నే భాగమున పని హెచ్చుచున్నదో యేభాగమునఁ దగ్గుచున్నదో చూచెను. తలఁపు నాఁపుచున్నప్పుడు నొసటి వెనుకనుండు భాగములు, అందును కుడిప్రక్కవి, విశేషముగాఁ బనిచేసెను. అదే సమయమున కడలిగుఱ్ఱముల పని తగ్గెను. నొసటిభాగ మెవరియందు ఎక్కువగాఁ బనిచేసెనో వారియందు మఱపును హెచ్చుగా నుండెను. మఱపన్నది దీపములో చమురు తగ్గినట్లు తనంతఁ దాను జరుగునదని మనము తలఁతుము. అట్టి మఱపును కలదు. కాని యిది యట్టిది కాదు. ఇది యొక భాగము వేఱొక భాగమును నిలువరించుట. నిద్ర కాదు, పని.

నొసటి వెనుకనున్న యీ యేర్పాటు తలఁపులకొఱకే పుట్టినది కాదు. వీథి దాఁటఁబోవుచు, మలుపునుండి వచ్చు బస్సును చూచి, ఎత్తిన యడుగును గాలిలోనే నిలుపుకొందుము. అడుగు నిలుపునది యేదో, తలఁపును నిలుపునదియు దాదాపు నదే. మనసు నియమించుటను శరీరనిగ్రహముతోఁ బోల్చి చెప్పిన మన పెద్దలది వట్టి యలంకారము కాదనిపించుచున్నది.

అష్టావధానమును చూచినవారు దీనిని వేఱొకరీతిగాఁ గన్నులారఁ జూచినవారే. నిషిద్ధాక్షరి యందు పృచ్ఛకుఁడు అక్షరాక్షరమునకు "ఈ యక్షరము వలదు" అని యడ్డుచుండును. నోటికి వచ్చిన మాటను వెనుకకు నెట్టి, దానికి బదులు వేఱొకటి తెచ్చుకొనవలెను. నడుమ నడుమ గంటలు లెక్కింపవలెను. అప్రస్తుతప్రసంగము చేయువాని కొంటెమాటలకు బదులు చెప్పి, చెప్పినదానిని విడిచి, సగముగా నున్న పద్యమునకు మఱలవలెను. మనము అవధాని ధారణకు చప్పట్లు కొట్టుదుము. ధారణ యెంతటిదో విడుపు నంతటిదే. నా చిన్ననాఁట మా గురువుగారు "వదలడం వచ్చినవాడికే పట్టుకోవడం వస్తుందిరా" అనుచుండెడివారు. అప్పుడు నాకది శ్లోకము వల్లెవేయని పిల్లలను వెనుకవేసికొనివచ్చుట గాఁ దోఁచెడిది. పట్టుటయే తప్ప విడుచుట చేతకానివాని యవస్థ యెట్టిదో రష్యా వైద్యుఁడు లూరియా వ్రాసియున్నాఁడు. షెరెషెవ్‌స్కీ యను నాతఁడు విన్న పట్టికలను ఏండ్లు గడచినను అప్పగింపఁగలిగెడివాఁడు. ప్రదర్శనలలో జీవనము గడుపుచు, పాతపట్టికలు క్రొత్తవానికి అడ్డువచ్చుచుండఁగా, వానిని కాగితముపై వ్రాసి కాల్చి చూచెనఁట. బూడిదయందును అంకెలు కనఁబడెనఁట. పండితులము జ్ఞాపకశక్తికి మ్రొక్కువారము గాన ఈ మాట చెప్పవలసివచ్చినది.

నొసటిభాగము ఆజ్ఞ యిచ్చినను, ఆజ్ఞను పాలించు సేవకుఁ డొకఁడు అచ్చటనే యుండవలెను కదా. 2017లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆండర్సన్ బృందమువారు దీనిని వెదకిరి. మెదడులోని నాడీకణముల దుడుకును తగ్గించు 'గాబా' యను ద్రవ్యము కలదు. కడలిగుఱ్ఱములో నీ గాబా సమృద్ధిగా నున్నవారు తలఁపును చక్కఁగా నాఁపఁగలిగిరి; తక్కువగా నున్నవారు, నొసటిభాగము యథాశక్తిగాఁ బనిచేసినను, అంతగా నాఁపలేకపోయిరి. ఈ యొక్క విషయమును శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెనని నా మనవి. "మనసు గట్టిచేసికొనుము" అని యొకనికిఁ జెప్పి, వాఁడు చేసికొనలేకున్న వానిని పిఱికియనుచున్నాము. వాని సంకల్పమున లోపము లేకయే, సంకల్పమునకు లోఁబడవలసిన చోట సాధనము కొఱవడియుండవచ్చును.

ఇంతవఱకును గడప, చిలుక. వలదనుకొన్న తలఁపునకు అసలైన బరువు వేఱు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెను. మృతులు సుమారు 10,000 మంది యని ప్రభుత్వపు లెక్క. అంతకంటె నెక్కువ యని యచ్చటివారి మాట. నాకప్పుడు పదునెనిమిదేండ్లు. మా పిన్నమ్మ యవనిగడ్డకు దిగువనున్న యొక పల్లెలో కాఁపురముండెడిది. ఆ రాత్రి యామె యిద్దఱు కొడుకులును పోయిరి. ఆమె తాటిచెట్టును పట్టుకొని బ్రదికెను. పిమ్మట ఏండ్లతరబడి మా యింటనే యుండెను.

ఊరివారందఱును ఆమెకు నొకటే చెప్పుచుండిరి: "ఏడవ్వమ్మా, బయటపెట్టమ్మా, లోపల దాచుకుంటే జబ్బు చేస్తుంది" అని. పట్టణమునుండి వచ్చిన చదువుకొన్నవారును అదే చెప్పిరి. ఆమె చెప్పలేదు. కాని యామె పాఱిపోయినదియుఁ గాదు. మా దొడ్డివెనుక తాటితోపు కలదు. గాలి వీచినప్పుడు ఆకుల చప్పుడు సముద్రపు హోరువలె నుండును. ఆమె యచ్చటికే పోయి పిడకలు తెచ్చుచుండును. గాలి లేచినపుడు ఒక్క నిమిషము కదలక నిలుచుండి, మఱల పనిలోఁ బడును. ఒకనాఁడు నేనే యడిగితిని, ఆ రాత్రి జ్ఞాపకము రాదా పిన్నీ యని. "రాకుండా ఎందుకుంటుందిరా అబ్బాయీ! గుమ్మందాకా వస్తుంది. రానివ్వను, అంతే" అనెను. పిల్లల పేర్లను ఆమె మఱవలేదు. కార్తికమున వారి తిథినాఁడు ఇద్దఱు పిల్లలను పిలిచి భోజనము పెట్టుట తాను పోవువఱకును మానలేదు. ఆమె గుమ్మమునొద్ద నిలిపినది పిల్లలను కాదు, ఆ నీటిని.

ఈ భేదము ముఖ్యమైనది. ఉద్బోధకమునుండి తొలఁగిపోవుట యొకటి. ఉద్బోధకము నెదుర్కొని స్మృతిని నిలుపుట వేఱొకటి. తాటితోపునకుఁ బోకుండుట మొదటిది. దానివలన తోపునకు బలము తగ్గదు. తొలఁగినకొలఁది భయము హెచ్చును. అందుచేతనే మానసిక వైద్యులు భయపడిన స్థలమునకును, భయపడిన కథకును రోగిని మెల్లమెల్లఁగా నెదురు నడిపింతురు. ఆ చికిత్స మంచిదని యనేక పరీక్షలచేఁ దేలినది. నేను దానికి వ్యతిరేకముగా మాటలాడుటలేదు. చెప్పనివారందఱును లోపల కుళ్లుచున్నారనుట మాత్రము సరికాదనుచున్నాను.

దీనికి మూల్యము లేకపోలేదు. మా పిన్నమ్మకు ఉప్పెన పిమ్మటి కొన్ని నెలలు దాదాపుగా జ్ఞాపకము లేవు. తనను మా యింటికి నెవరు తెచ్చిరో, ఆ సంక్రాంతి యెక్కడ గడచినదో చెప్పలేకపోయెడిది. దుఃఖమువలన నట్లయినదని యనుకొంటిమి. 2016లో హల్‌బర్ట్, హెన్సన్, ఆండర్సన్ అనువారు ప్రకటించిన పరీక్షలో, జనులు తలఁపు నాఁపుచున్న సమయమునకు కొంచెము ముందును వెనుకను, దానితో నే సంబంధమును లేని బొమ్మలను చూపిరి. ఆ బొమ్మలును సరిగా జ్ఞాపకముండలేదు. కడలిగుఱ్ఱమును నిలిపినపుడు అది యొక్క తలఁపునకు మాత్రమే నిలువదు. ఆ కొంతసేపు క్రొత్తవానిని పట్టుటయు మందగించును. నీడవలె చుట్టుప్రక్కల పడు మఱపు అది. పిన్నమ్మ నెలలకును ఆ బొమ్మలకును సంబంధము కలదనుట నా యూహ మాత్రమే. కాని యా వ్యాసమును చదివినపుడు నాకామెయే స్ఫురించెను.

ప్యారిసు నగరమున 2015 నవంబరు 13వ తేదీ రాత్రి జరిగిన దాడులలో 130 మంది చంపఁబడిరి. వానినుండి బ్రదికి బయటఁబడినవారిని ఫ్రాన్సులోని కాన్ నగరమందలి పరిశోధకులు పరీక్షించి 2020లో 'సైన్స్' పత్రికలో ఫలములు ప్రకటించిరి. దాడికి లోనైన 102 మందిలో 55 మంది, ఆ రాత్రి మఱల మఱల కన్నులకుఁ గట్టు వ్యాధికి లోనైనవారు. 47 మంది దానికి లోనుగానివారు. వీరితోడ ఆ దాడి నెఱుఁగని 73 మందిని గూడ చేర్చిరి. దాడిని జ్ఞప్తికిఁ దెచ్చునది యేదియు చూపలేదు. మాటలను, సామాన్యవస్తువుల బొమ్మలను జతపఱచి, పైఁ జెప్పిన పరీక్షయే చేసిరి. వలదన్న బొమ్మ చొరఁబడినప్పుడు, వ్యాధి లేనివారి మెదడులో నియమించు భాగములు జ్ఞాపకభాగములను వెంటనే నిలిపినవి. వ్యాధిగ్రస్తులయందు ఆ నిలుపుట కుంటువడెను. ఒకే రాత్రి, ఒకే వీథి. ఇరువురి కష్టము నడుమ భేద మిచ్చట కనఁబడినది. జ్ఞాపకము మిక్కిలి బలమైనది కావుననే వ్యాధి కలిగినదని మునుపు తలఁచుచుండిరి. నిలుపుశక్తి తగ్గుటయు నందుఁ జేరియున్నదని యిప్పుడు తెలియుచున్నది.

ఎదుటిపక్షమును చెప్పకున్న న్యాయము కాదు. 2006లో అమెరికా పరిశోధకులు కొందఱు ఆరిగన్ పరీక్షను మూఁడుమార్లు చేసి, ఆ మఱపు తమకుఁ గనఁబడలేదని ప్రకటించిరి. పిమ్మటి పరీక్షల ననేకముల నొక్కచోఁ జేర్చి చూచినవారు, ఫలము కలదుగాని స్వల్పమనియు, దిగులు రోగములు గలవారియందు ఇంకను స్వల్పమనియుఁ దేల్చిరి. కావున ఒక్క సంకల్పముతో గతమంతయుఁ దుడిచివేయవచ్చునని యెవరైనఁ జెప్పినచో నమ్మవలదు.

వియన్నా వైద్యుఁడు ఫ్రాయిడ్ 1895లో బ్రాయర్‌తోఁ గలసి వ్రాసిన గ్రంథమునందును, 1915 నాఁటి వ్యాసమునందును చెప్పిన యణఁచివేఁతతో దీనిని కలిపివేయరాదు. ఆయన చెప్పినది మనిషి యెఱుఁగకయే జరుగునది; అణఁగిన జ్ఞాపకము చెక్కుచెదరక లోపలనుండి రోగరూపమున బయలుపడునది. ఇప్పుడు చూచినది యెఱిఁగి చేయునది. ఆఁపిన జ్ఞాపకము మెల్లఁగా బలహీనపడునది. ఫ్రాయిడ్ మాటను ముదిరించినవారు, లేని జ్ఞాపకములను త్రవ్వి తీయఁబోయి కొంపలు కూల్చిరి. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్ పరీక్షలో, చిన్నతనమున మీరు అంగళ్లలో తప్పిపోయితిరని యసత్యము చెప్పఁగా, 24 మందిలో దాదాపు నాల్గవవంతు అది తమకు కొంతయైన జ్ఞాపకము కలదనిరి. జ్ఞాపకము అడుగునఁ బాఁతిపెట్టిన పెట్టె కాదు, త్రవ్వినంతనే యథాతథముగా దొరకుటకు.

ఆఁపుటలో రెండు దారులు కలవని బెన్వా, ఆండర్సన్ అనువారు 2012లో చూపిరి. తలఁపును నేరుగా నిలుపుట యొకటి. దానికి బదులు వేఱొక తలఁపును తెచ్చి నిలువఁబెట్టుట రెండవది. రెండింటను మఱపు కలిగినది గాని, మెదడులోని మార్గములు వేఱు. మొదటిదానియందు కడలిగుఱ్ఱము నిలుచును. రెండవదానియందు అది వేఱొక జ్ఞాపకమును తెచ్చుటలో నిమగ్నమగును. పతంజలి యోగసూత్రములలో స్మృతిని చిత్తవృత్తులైదింటిలో నొకటిగా నెన్ని, వృత్తినిరోధమును యోగమని చెప్పెను. చెడుతలఁపు బాధించినపుడు దాని యెదిరిపక్షమును భావింపుమని వేఱొకచోట ప్రతిపక్షభావనను విధించెను. ఒకటి మొదటి దారికిని, వేఱొకటి రెండవ దారికిని దగ్గఱగా నున్నవి. అంతమాత్రమున మనవారు గాబాను కనిపెట్టిరని నేను చెప్పను. ఆ పద్ధతి వాదములు నాకు నచ్చవు. మనసును శ్రద్ధగాఁ జూచినవారికి రెండు దారులును కనఁబడుట సహజమే.

ఈ శక్తిని అలవాటుచేత పెంచవచ్చునా? 2023లో కేంబ్రిడ్జినుండి మమత్, ఆండర్సన్ ప్రకటించిన పరీక్ష దీనికొఱకే. కరోనా కాలమున 16 దేశములకుఁ జెందిన 120 మందికి, ఎవరి యింటనుండి వారికే, మూఁడు దినముల శిక్షణ మిచ్చిరి. రాఁబోవు కాలమునఁ దమకుఁ గలుగునని భయపడుచున్న విషయములను ముందుగా వ్రాయించి, ఒక్కొక్కదానికి గుఱుతుగా నొక్కమాట పెట్టించిరి. పిమ్మట గుఱుతుమాటను చూచుచు, అది దేనికి గుఱుతో యెఱిఁగియే, దాని చిత్రము మనసున లేవకుండ నిలుపుమనిరి. వేఱు తలఁపు తెచ్చుకొనరాదు. ఆ భయములు మసకబాఱినవి. బెంగయు దిగులును తగ్గినవి. ముందే యెక్కువ బాధ యున్నవారికి ఎక్కువ మేలు కలిగెను. మూఁడు నెలలకును ఆ మేలు కొంత నిలిచియుండెను. అణఁచినవి రెట్టింపుగాఁ బొంగలేదు. కోతి తిరిగి రాలేదు.

ప్యారిసువారి కథ కొంచెము మిగిలియున్నది. కాన్ పరిశోధకులు వారిని విడువక, కొన్నియేండ్ల పిమ్మట మఱల అదే పరీక్షకు పిలిచి, 2025లో ఫలములు వెల్లడించిరి. మొదట వ్యాధిగ్రస్తులుగా నుండి తరువాత కోలుకొన్నవారు కొందఱు. ఇంకను బాధపడుచున్నవారు కొందఱు. బాధ తీఱనివారియందు నిలుపుశక్తి కుంటుపడియే యుండెను. కోలుకొన్నవారియందు, మొదటి పరీక్షలోఁ గనఁబడని యా శక్తి మరల కనఁబడెను.